స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చినా జబ్బు పేరు తెలియనప్పుడు ఏం చేయాలి

మా అమ్మకు అరికాళ్లలో తిమ్మిరి మొదలై ఏడాదిన్నర అయింది. ముగ్గురు వైద్యుల దగ్గరికి తిరిగాం, నడుముకు రెండుసార్లు ఎమ్మారై తీయించాం. అప్పుడు ఒక నరాల వైద్యుడు ఆమెను ఇలా అడిగారు: "అమ్మా, నడుస్తూ ఉండగా కాలి చెప్పు జారిపోతే మీకు వెంటనే తెలుస్తుందా, నాలుగడుగులు వేశాక చూసుకుంటే తెలుస్తుందా?" చూసుకుంటేనే తెలుస్తుందని అమ్మ చెప్పింది. చెప్పు జారుతున్నట్టు తెలిసినా ఆపుకోలేకపోతే అది ఎక్కువగా కండరాల బలహీనత అని, జారిన సంగతే తెలియకపోతే స్పర్శను మెదడుకు చేరవేసే దారిలో లోపమని ఆయన మాకు వివరించారు. తరువాత పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకొని నిలబడమన్నారు; అమ్మ వెంటనే పక్కకు ఒరిగిపోయింది. ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనించారు. ఆ కంపనం ఆమెకు తెలియలేదు.

అంతకుముందు అందరి చూపూ నడుము స్కానులో కనబడిన డిస్క్ ఉబ్బు మీదనే ఉండింది. ఒకచోట ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. రెండు రోజుల్లో రక్తపరీక్ష వచ్చింది. బి12 విటమిన్ మిల్లీలీటరుకు 118 పికోగ్రాములే ఉంది. షుగరు కోసం పదకొండేళ్లుగా వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ ఆ విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వకుండా చేసే మందులలో ఒకటి. మెడకు స్కాన్ తీస్తే, ఆ విటమిన్ లోపిస్తే దెబ్బతినే వెన్నుపాము వెనుక భాగంలో మార్పు కనబడింది. జబ్బు మెడలో ఉండగా మేము నడుమును రెండుసార్లు ఫొటో తీయించామన్న మాట.

స్కాన్ తనంతట తానుగా జబ్బు పేరు చెప్పదు, మనం అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది. ఆ ప్రశ్న రోగి చెప్పే కథ నుంచి, వైద్యుడు చేతులతో చేసే పరీక్ష నుంచి పుడుతుంది. ఈ రెండూ సరిగా జరగకుండా వచ్చిన రిపోర్టు ఎంత పెద్దదైనా అయోమయాన్నే పెంచుతుంది. ఆ కథను సిద్ధం చేసుకోవడం, రిపోర్టును అర్థం చేసుకోవడం, తరువాతి అడుగు అడగడం ఎలాగో నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఆగకూడని సందర్భాలు

మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు ఉన్నట్టుండి పడిపోవడం, మాట ముద్దగా రావడం, చూపు ఒక్కసారిగా పోవడం వంటివి కనబడితే కాగితాలు వెదుక్కుంటూ కూర్చోకుండా 108కు ఫోన్ చేయాలి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కనుక, చివరిసారిగా మనిషి బాగున్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోవాలి. జీవితంలో ఎన్నడూ ఎరుగనంత తలనొప్పి క్షణాల్లో రావడం, జ్వరంతో మెడ బిగుసుకుపోయి మాటలు తడబడటం, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా ఆగకపోవడం, కాళ్ల నుంచి పైకి పాకుతున్న నీరసంతో మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టం కావడం, కాళ్ల బలహీనతతో పాటు మూత్రం ఆగిపోవడం లేదా కూర్చునే చోట స్పర్శ పోవడం కూడా అత్యవసరాలే. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఇవేవీ లేనివారి కోసం.

కథను రాసుకోవడం

మన భాషలో "నరం" అనే మాట నాడికీ, రక్తనాళానికీ, కండను ఎముకకు కట్టే పట్టీకీ కూడా వాడతాం. "నరాల బలహీనత" అనే మాటలో నీరసం నుంచి నిద్రలేమి వరకు ఎన్నో కలిసిపోతాయి. "తిమ్మిరి" అంటే ఒకరికి చీమలు పాకినట్టు ఉండటం, ఇంకొకరికి గిల్లినా తెలియకపోవడం, మరొకరికి చెయ్యి బరువెక్కి లేవకపోవడం. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాటకు గది గిర్రున తిరగడం, లేచినప్పుడు చీకట్లు కమ్మడం, నడకలో తూలడం అనే మూడు వేర్వేరు అర్థాలున్నాయి; మూడింటి కారణాలూ వేరు. అందువల్ల జబ్బు పేరులాంటి మాటలు వదిలేసి, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పడం మేలు. అన్నం కలిపేటప్పుడు వేళ్లు సహకరించడం లేదా? చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నారా? కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నారా? బస్సు మెట్టు ఎక్కడం కష్టమైందా? ముఖం కడుక్కుంటూ కళ్లు మూయగానే తూలుతున్నారా? ఇలాంటి జవాబుల నుంచి వైద్యుడు లోపం కండరంలోనా, నాడిలోనా, వెన్నుపాములోనా, మెదడులోనా అన్న అంచనాకు రాగలుగుతారు.

ఒక తెల్లకాగితం మీద తేదీల వరుసలో రాసుకోండి. మా అమ్మది నేను ఇలా రాశాను: "సంక్రాంతి తరువాత రెండు అరికాళ్లలో దూది మీద నడుస్తున్నట్టు ఉండటం మొదలైంది. ఉగాదికి చీలమండల దాకా వచ్చింది. వానాకాలంలో రాత్రిపూట చీకట్లో గోడ పట్టుకొని నడవడం మొదలుపెట్టింది. దసరా నుంచి చేతివేళ్లలో కూడా తిమ్మిరి. నొప్పి లేదు. మూత్రం, విరేచనం మామూలుగానే ఉన్నాయి." ఆరు వాక్యాలే. అయితే రెండు పక్కలా సమానంగా వచ్చిందని, కింది నుంచి పైకి పాకిందని, నెలల మీద నెమ్మదిగా పెరిగిందని, చీకట్లో ఎక్కువవుతోందని వాటి నుంచి తెలుస్తుంది. ఒక్క క్షణంలో వచ్చిన లక్షణం రక్తనాళాల వైపు, రోజుల మీద పెరిగి వారాల మీద తగ్గేది వాపు జబ్బుల వైపు, నెలలూ ఏళ్ల మీద నెమ్మదిగా ముదిరేది పోషక లోపాలు, క్షీణత, ఒత్తిడి కలిగించే గడ్డల వైపు ఆలోచనను మళ్లిస్తాయి. పండుగలతో, పంటపనులతో జోడిస్తే పెద్దవాళ్లకు తేదీలు చక్కగా గుర్తొస్తాయి.

వచ్చి పోయే లక్షణాలకు సెల్‌ఫోన్ వీడియోను మించిన సాక్ష్యం లేదు. ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, మరొకరు ముఖం, కళ్లు, చేతులు కనబడేలా వీడియో తీయాలి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి. నాటుమందులు, పసరులు, భస్మాలు కూడా దాచకుండా చెప్పండి, ఎందుకంటే కొన్నింటిలో సీసం, పాదరసం ఉండవచ్చు. ఎసిడిటీ కోసం ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు బి12ను తగ్గించగలవు. పొలంలో పురుగుమందు కొట్టే పని, తాగే నీరు బోరుదా కాదా అన్న సంగతి, ఇంట్లో క్షయ ఉన్నవారెవరైనా ఉన్నారా అన్న విషయం కూడా చెప్పాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు దశాబ్దాలు తాగినవారిలో ఎముకలు మందమై వెన్నుపామును నొక్కి కాళ్లు బిగుసుకుపోయిన ఉదాహరణలు ఎన్నో ఉన్నాయి. ఊరి పేరు చెప్పకపోతే నగరంలో వైద్యుడికి ఆ ఆలోచన రాకపోవచ్చు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే తప్పక చూపించండి. కుష్ఠు ఇప్పటికీ నాడులను దెబ్బతీస్తూనే ఉంది, దానికి పూర్తి చికిత్స ఉంది.

పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు

మొదటిది, చాలామంది పట్టించుకోనిది. తిమ్మిర్లు అనగానే "బలానికి" బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేయించుకోవడం మనకు అలవాటు. వాటి తరువాత తీసిన రక్తంలో బి12 నిండుగా కనబడుతుంది, అసలు లోపం మరుగున పడిపోతుంది. రక్తం ఇచ్చాక ఇంజెక్షన్ వేయించుకోండి. ఇప్పటికే వేయించుకొని ఉంటే ఎప్పుడు, ఎన్ని అన్నది వైద్యుడికి చెప్పండి. 200 పికోగ్రాములకు కింద ఉంటే సాధారణంగా లోపంగానే చూస్తారు. 200 నుంచి 300 మధ్య ఉంటే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్షలు సందేహం తీరుస్తాయి. కారణం తేలకముందే స్టిరాయిడ్లు మొదలుపెట్టడం కూడా కొన్ని జబ్బుల ఆనవాళ్లను తాత్కాలికంగా చెరిపేయగలదు; ప్రాణాపాయం లేనప్పుడు "ఇవి ఇచ్చేలోపు చేయవలసిన పరీక్షలేమైనా ఉన్నాయా?" అని అడగటంలో తప్పు లేదు.

రెండవది స్కాన్ చీటీ. దాని మీద "ఎమ్మారై బ్రెయిన్" అని రెండు మాటలే ఉంటే రేడియాలజిస్టు ఏమీ తెలియకుండానే బొమ్మలు చూడవలసి వస్తుంది. లక్షణాలేమిటి, ఎంతకాలం నుంచి, ఏ పక్క, దేనిని అనుమానిస్తున్నారు అన్నది చీటీలో రాయమని వైద్యుడిని మర్యాదగా కోరండి. కాళ్లు నీరసించడంతో పాటు బిగుసుకుంటూ ఉంటే, సుత్తితో కొట్టినప్పుడు మోకాళ్లు అతిగా ఎగిరితే, లోపం నడుములో కాక మెడలోనో వీపులోనో ఉండే అవకాశం ఎక్కువ. వెన్నుపాము పెద్దవారిలో సాధారణంగా మొదటి లేదా రెండవ నడుము పూస దగ్గరే ముగుస్తుంది, దాని కింద ఉండేవి నాడుల వేర్లు మాత్రమే. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే, "సార్, మెడ కూడా చూడాలా?" అని నేను ఏడాది ముందే అడిగి ఉండేవాడిని.

రిపోర్టు చదవడం

రిపోర్టులో "క్లినికల్ కోరిలేషన్ అవసరం" అన్న మాట చూసి చాలామంది రేడియాలజిస్టు తప్పించుకున్నాడని అనుకుంటారు. అది తప్పించుకోవడం కాదు. బొమ్మలో కనబడినది ఈ రోగి బాధకు కారణమో కాదో రోగిని పరీక్షించినవారే తేల్చాలన్న నిజాయితీ గల మాట. "నాన్ స్పెసిఫిక్" అంటే ఆ మార్పు ఏ ఒక్క జబ్బుకూ ప్రత్యేకం కాదని అర్థం. "హైపర్ ఇంటెన్సిటీ" అంటే ఆ రకపు బొమ్మలో తెల్లగా మెరిసే చోటు. అది గడ్డ పేరూ కాదు, జబ్బు పేరూ కాదు.

మెదడులో తెల్లచుక్కలు బీపీ, షుగరు, పొగతాగడం, మైగ్రేన్, పెరిగే వయస్సు వల్ల కూడా వస్తాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో సామాన్య జనం నుంచి తీసుకున్న 2000 మంది పెద్దవారికి ఎమ్మారై చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 7 శాతానికి పైగా మందిలో తమకే తెలియని పాత పక్షవాతపు మచ్చలు, 1.8 శాతం మందిలో రక్తనాళపు ఉబ్బులు, 1.6 శాతం మందిలో క్యాన్సర్ కాని గడ్డలు కనబడ్డాయి. వెన్నెముక సంగతి ఇంకా ఆశ్చర్యం. ఏ నడుము నొప్పీ లేని యాభై ఏళ్లవారిలో దాదాపు 60 శాతం మందికి స్కానులో డిస్క్ ఉబ్బు కనబడుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కించారు. అంటే డిస్క్ ఉబ్బు "ఉంది" అన్నంత మాత్రాన అదే కారణం కాదు. ఏ నాడిని నొక్కుతోందో, రోగి తిమ్మిరి సరిగ్గా ఆ నాడి దారిలోనే ఉందో లేదో చూడాలి.

అలాగని రిపోర్టులోని ప్రతి మాటనూ తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. "ఎంప్టీ సెల్లా" (మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉండే గూడు ఖాళీగా కనబడటం) అన్నది చాలామందిలో ఏ హానీ చేయని విశేషమే. కాని బరువు పెరిగిన యువతికి తలనొప్పితో పాటు వంగి లేచినప్పుడు చూపు క్షణకాలం మసకబారుతుంటే, పుర్రె లోపలి ఒత్తిడి పెరిగిందేమోనని కంటి వెనుక భాగం పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే చూపుకే ముప్పు.

ఫిట్స్ వచ్చిన యువకుడి స్కానులో ఉంగరం ఆకారపు మచ్చ కనబడితే మన దేశంలో ముందుగా రెండు అనుమానాలు వస్తాయి: బద్దెపురుగు పిల్లదశ తిత్తి, లేదా క్షయ గడ్డ. తిత్తి సాధారణంగా 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, కొన్నిసార్లు మధ్యలో పురుగు తల చుక్కలా కనబడుతుంది. క్షయ గడ్డ తరచుగా పెద్దదిగా, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. "మేము మాంసమే ముట్టం, మాకు పురుగు ఎలా వస్తుంది?" అని శాకాహార కుటుంబాలు అవమానంగా భావించడం నేను చూశాను. పురుగు గుడ్లు కలుషితమైన నీరు, సరిగా కడగని పచ్చి కూరగాయలు, శుభ్రం లేని చేతుల ద్వారా ఎవరికైనా చేరతాయి. ఇందులో సిగ్గుపడవలసింది ఏదీ లేదు. ఒక్క చిన్న తిత్తి చాలామందిలో కొన్ని నెలల్లో కరిగిపోతుంది కనుక, కొంతకాలం తరువాత తీసే రెండో స్కాన్ చాలాసార్లు అసలు జవాబు ఇస్తుంది.

రిపోర్టులో "డీమైలినేషన్" (నాడుల పైపొర దెబ్బతినడం) అన్న మాట ఉంటే వెంటనే మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములలో ఆ పొరను దెబ్బతీసే జబ్బు) అని ఖాయం చేసుకోవద్దు. ఆ జబ్బును నిర్ధారించే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు ప్రధానంగా దానికి తగిన లక్షణాలు వచ్చినవారి కోసం తయారైనవి. తలనొప్పికి తీసిన స్కానులో అనుకోకుండా కనబడిన చుక్కలకు వాటిని అలాగే అంటించడం సరికాదు. కంటి నాడి, వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆక్వాపోరిన్-4, మోగ్ ప్రతిరక్షకాల రక్తపరీక్షలు అవసరమా అని తప్పక అడగండి, ఎందుకంటే మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు ఇచ్చే కొన్ని మందులు దానిని పోలిన న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బు ఉన్నవారికి కీడు చేస్తాయి.

అన్నీ "నార్మల్" అని వచ్చినప్పుడు

ఇది కొందరికి ఊరట, మరికొందరికి గుండెకోత. ఇంట్లోవాళ్లు "ఏమీ లేదట, నీదంతా భ్రమ" అనడం మొదలుపెడతారు. మైగ్రేన్‌లో, మూర్ఛవ్యాధిలో, పార్కిన్సన్స్‌లో, మయస్థీనియాలో (వాడేకొద్దీ కండరాలు అలసిపోయే జబ్బు) సాధారణ మెదడు స్కాన్ ఏ లోపమూ చూపించకపోవచ్చు. మొదటి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) మామూలుగా వచ్చినా మూర్ఛ లేదని చెప్పలేరు. నాడుల వేగం కొలిచే పరీక్ష లావు నాడులను మాత్రమే చూడగలదు కనుక, పాదాల్లో మంటలు పుట్టించే సన్నని నాడుల జబ్బు దానికి చిక్కదు. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఫిట్స్‌తో, కళ్లు తిరిగి ఆసుపత్రుల పాలైనప్పుడు తీసిన మెదడు స్కాన్లు, వెన్ను నీటి పరీక్షలు మామూలుగానే వచ్చాయి. ఎయిమ్స్ పరీక్షలో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, పరిశోధన పురుగుమందుల వైపు కూడా సాగింది. రోడ్డు మీద కూలిపోయిన అంతమందిని చూశాక "స్కాన్ బాగుంది కాబట్టి ఏమీ లేదు" అని ఎవరు అనగలరు?

ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ఇందులో నాడీమండలం కట్టడం చెడదు, పనితీరు తప్పుతుంది. ఇది నాటకం కాదు, మిగతా అన్నీ లేవని తేలాక చివరికి పెట్టే పేరూ కాదు. దీనికి వైద్యుడు పరీక్షలో పట్టుకోగల సొంత గుర్తులున్నాయి. ఉదాహరణకు, కుర్చీలో కూర్చోబెట్టి బలహీనమైన కాలిని కిందికి నొక్కమంటే రాని బలం, రెండో కాలిని పైకి ఎత్తమన్నప్పుడు దానంతట అదే వస్తుంది. ఈ పేరు చెప్పినప్పుడు "ఏ గుర్తును బట్టి చెబుతున్నారు?" అని అడగండి, ఆ గుర్తు చూపించి వివరించే వైద్యుడి దగ్గర, దీనిని ఎరిగిన ఫిజియోథెరపిస్టు సాయంతో చాలామంది కోలుకుంటారు.

రెండో అభిప్రాయం తీసుకోవడం

రెండో వైద్యుడి దగ్గరకు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే, మొదటి రేడియాలజిస్టు చూసినదాన్నే ఆయన కూడా చదువుతారు. స్కాన్ సెంటరులో డైకామ్ రూపంలో (స్కాన్ యంత్రం దాచే అసలు డిజిటల్ ఫైళ్లు) పూర్తి బొమ్మలను సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. ఫిల్ముల మీద కొన్ని బొమ్మలే అచ్చు వేస్తారు. పాత స్కాన్లుంటే అవి కూడా ఇచ్చి పోల్చి చూడమనండి, ఎందుకంటే ఐదేళ్లుగా మారని చుక్కకూ ఆరు నెలల్లో పెరిగిన చుక్కకూ చాలా తేడా ఉంది. ఆసుపత్రిలో చేరి ఉన్న రోగి రికార్డుల కోసం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలోనే ఉంది. నోటితో అడగకుండా తేదీ వేసి అర్జీ రాసి ఇవ్వండి.

సంక్లిష్టమైన కేసులకు హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్, విశాఖపట్నంలోని కేజీహెచ్, మనవాళ్లు ఎప్పటినుంచో వెళ్తున్న బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ వంటి బోధనాసుపత్రులలో నాడీ వైద్య విభాగాలున్నాయి. వేచి ఉండటం కష్టమే అయినా, అక్కడ ఒకే కేసును పలువురు వైద్యులు కలిసి చర్చించే అవకాశం ఉంటుంది. ఖర్చు భయం ఉన్నవారు ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. నా అభిప్రాయంలో ఐదుగురిని ఒక్కొక్కసారి కలవడం కన్నా, ఒక వైద్యుడిని ఐదుసార్లు కలవడం మంచిది. నాడీ జబ్బులలో చాలావాటిని కాలమే బయటపెడుతుంది, ఆ మార్పును గమనించడానికి మొదటి రోజు పరీక్షించిన చెయ్యి కావాలి.

గదిలోకి వెళ్లేముందు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే లోపలికి వెళ్లాక ఏదీ గుర్తురాదు. "నా బాధకు కారణం ఏ భాగంలో ఉందని మీ అంచనా? స్కానులో కనబడినది ఆ అంచనాతో సరిపోతుందా? ఇప్పుడు తెలియకపోతే మళ్లీ ఎప్పుడు చూడాలి, ఏ మార్పు వస్తే ఆ తేదీ కన్నా ముందే రావాలి?" మూడవదానికి జవాబు తేదీతో సహా రాయించుకోండి. "చూద్దాం" అన్న మాటకు తేదీ ఉంటే అది వైద్యం. తేదీ లేకపోతే రోగి దిక్కుతోచక ఇంటర్నెట్‌లో వెదుక్కుంటూ రాత్రులు గడుపుతాడు.

జవాబు వచ్చేదాకా ఇంట్లో

పాదాల్లో స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్లతో నడవకూడదు, వేడినీళ్లను ముందు మోచేత్తో చూసుకోవాలి, ప్రతి రాత్రీ అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. తూలేవారి కోసం మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. మా అమ్మ చేతికి అందేలా బాత్రూం గోడకు బిగించిన స్టీలు కడ్డీకి మూడు వందలు కూడా కాలేదు. ఫిట్స్ వచ్చినవారు వైద్యుడు సరేననేదాకా బండి నడపకూడదు, బావి గట్టుకు, చెరువుకు, కట్టెల పొయ్యి దగ్గరకు ఒంటరిగా పోకూడదు, స్నానం చేసేటప్పుడు లోపల గడియ పెట్టుకోకూడదు. మింగేటప్పుడు పొలమారుతున్నవారికి పడుకోబెట్టి నీళ్లు తాగించవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, ఒక్కొక్క గుక్కే ఇవ్వండి. ఆ విషయాన్ని తరువాతి తేదీ దాకా ఆపకుండా అదే రోజు వైద్యుడికి ఫోన్ చేసి చెప్పండి.